ఓడ దిగి డన్స్ రివర్ జలపాతం ఎక్కాలంటే: నెల ముందు నుంచి మళ్లీ ఓడెక్కే దాకా

క్రూయిజ్ ఓడ జమైకాలో ఆగుతుందంటే టూర్ల జాబితాలో ముందు వరసలో కనిపించే పేరు డన్స్ రివర్ ఫాల్స్. ఓచో రియోస్ రేవుకి పడమటగా మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కొండ మీంచి మెట్లు మెట్లుగా దిగి నేరుగా కరీబియన్ సముద్రంలో కలిసిపోతుంది. పొడవు సుమారు 180 మీటర్లు, ఎత్తు సుమారు 55 మీటర్లు. జలపాతాలంటే దూరాన నిలబడి చూసి, ఫొటో దిగి వచ్చేస్తాం. దీన్ని మాత్రం కింద ఇసుక ఒడ్డు దగ్గర మొదలుపెట్టి, పై దాకా నీళ్లలోనే ఎక్కుతారు. గైడు ముందు నడుస్తుంటే, వెనక గుంపంతా ఒకరి చేయి ఒకరు పట్టుకుని గొలుసులా కదులుతుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి తిరుమల చేరిన వాళ్లకి ఈ ఎత్తు ఒక లెక్క కాదు. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. బండ తడిగా ఉంటుంది. ఒక మెట్టు చీలమండ ఎత్తుంటే పక్కది మోకాలి ఎత్తుంటుంది. అన్నిటికీ మించి, మీ చేతులు రెండూ మీ దగ్గర ఉండవు. ఒకటి ముందు మనిషి పట్టుకుంటాడు, ఇంకొకటి వెనక మనిషి పట్టుకుంటాడు. ఫోను, బ్యాగు, జారిపోయే చున్నీ, ముక్కు మీంచి దిగే కళ్లజోడు, వీటిని సర్దుకోవడానికి మూడో చేయి లేదు. అందుకే చేతులు పూర్తిగా ఖాళీగా ఉండేలా, పాదం బండని గట్టిగా పట్టేలా తయారవ్వాలి. కింద చెప్పేవాటిలో చాలా భాగం ఈ రెండిటి కోసమే.

టూరు బుక్ చేసే ముందు

మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో చూడండి. జమైకా అని మాత్రమే చూసి బుక్ చేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఓచో రియోస్‌లో ఆగితే జలపాతం పది పదిహేను నిమిషాల దూరం. ఫల్మత్‌లో ఆగితే బస్సులో గంట పైనే పడుతుంది. మాంటెగో బే అయితే గంటన్నర నుంచి రెండు గంటలు. ఓచో రియోస్ నుంచి టూరు మొత్తం మూడు, మూడున్నర గంటల్లో అయిపోతే, ఫల్మత్ నుంచి వెళ్లి రావడానికి ఐదు గంటలు పక్కన పెట్టాలి.

ఓడ వాళ్ల ద్వారా బుక్ చేస్తే ధర ఎక్కువే. కానీ వాళ్ల బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా టాక్సీలో వెళ్లి ఆలస్యం చేస్తే ఆగదు. ఓచో రియోస్‌లో దిగేవాళ్లు, నలుగురైదుగురు కలిసి ఉన్నవాళ్లు సొంతంగా వెళ్లినా పర్వాలేదు. ఫల్మత్‌లో గాని, మాంటెగో బేలో గాని దిగేవాళ్లు ఓడ టూరే తీసుకోవడం మంచిది. సొంతంగా వెళ్తే ఎర్ర నంబరు ప్లేటు ఉన్న టాక్సీనే ఎక్కండి, అనుమతి ఉన్న టాక్సీలకి అక్కడ అదే గుర్తు. రానూపోనూ ఎంతో, ఏ డాలర్లలోనో బండి ఎక్కకముందే తేల్చుకోండి. అమెరికా డాలరూ, జమైకా డాలరూ రెండూ డాలర్లే గాని వాటి విలువకి పొంతన ఉండదు.

టూరు వివరాల్లో చిన్న అక్షరాల్లో ఉండేది మొత్తం చదవండి. పిల్లలకి కనీస వయసో ఎత్తో పెడతారు, అది కంపెనీని బట్టి మారుతుంది. గర్భిణులు ఎక్కకూడదు. గుండె జబ్బు, నడుము నొప్పి, ఈమధ్యే మోకాలికో తుంటికో ఆపరేషన్ అయినవాళ్లు, తల తిరిగే జబ్బున్నవాళ్లు కూడా నీళ్లలో ఎక్కే ఆలోచన పెట్టుకోవద్దు. అలాగని వాళ్లని ఓడలో వదిలేసి వెళ్లనక్కర్లేదు. జలపాతం పక్కనే పొడవునా మెట్ల దారి ఉంది, మధ్యమధ్య నిలబడి చూడటానికి చోట్లున్నాయి. అమ్మానాన్నలని వెంట తీసుకెళ్లిన వాళ్లకి ఇది చాలా ఉపయోగం. మీరు నీళ్లలో ఎక్కుతుంటే వాళ్లు పక్క మెట్ల మీంచి మీతోపాటే పైకి రావచ్చు, ఫొటోలూ తీయవచ్చు.

అమెరికాలో ఉంటూ ఫ్లోరిడా నుంచో, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచో ఓడెక్కే తెలుగువాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో హెచ్‌-1బీ మీదో, హెచ్‌-4 మీదో ఉన్నవాళ్లకి తిరిగి అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్టులో గడువున్న వీసా స్టాంపు కావాలి. కెనడా, మెక్సికో వెళ్లి 30 రోజుల్లో తిరిగొచ్చే వాళ్లకి ఉన్న సడలింపు హెచ్ వీసాల వాళ్లకి జమైకా ప్రయాణంలో వర్తించదు. టికెట్ కొనే ముందే స్టాంపు తేదీ చూసుకోండి. జమైకా వైపు నిబంధన ఏమిటో క్రూయిజ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

నెల రోజుల ముందు: కాళ్లకి పని చెప్పడం

జిమ్ అక్కర్లేదు. చిన్నప్పుడు బళ్లో తీయించిన గుంజీలే దీనికి సరైన సాధన. మోకాలి ఎత్తు మెట్టెక్కడానికి పనిచేసే తొడ కండరాలకీ, గుంజీలకి పనిచేసే కండరాలకీ తేడా లేదు. రోజు విడిచి రోజు పదేసి చొప్పున మూడు విడతలు తీయండి. మోకాళ్లు నొప్పి పెడితే కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు చేసినా చాలు.

రెండోది మెట్లు. మామూలుగా కాకుండా రెండేసి మెట్లు చొప్పున, నెమ్మదిగా, రెయిలింగ్ పక్కనే ఉండి దాన్ని పట్టుకోకుండా ఎక్కండి. మూడు నాలుగు అంతస్తులు చాలు. దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టే.

మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, జలపాతంలో పనికొచ్చేది ఎక్కువగా అదే. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి, తర్వాత రెండో కాలి మీద. వారం తర్వాత అదే పని మడత పెట్టిన దుప్పటి మీద చేయండి. పాదం కింద నేల కదులుతుంటే చీలమండ తనంతట తాను సర్దుకోవడం నేర్చుకుంటుంది. నీళ్ల ధార పిక్కని పక్కకి నెడుతున్నప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది ఆ సర్దుబాటే.

బూట్లు: ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే

వట్టి కాళ్లతో ఎక్కనివ్వరు. నీళ్లలో వేసుకునే బూట్లు అక్కడ అద్దెకి దొరుకుతాయి, అమ్ముతారు కూడా. కానీ మీ కొలత దొరుకుతుందో లేదో, అడుగు అరిగి ఉంటుందో లేదో చెప్పలేం. ముందే కొనుక్కోండి. అమెరికాలో పది నుంచి ఇరవై ఐదు డాలర్లలో మంచివి వస్తాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి: వేళ్లు పూర్తిగా మూసుకుని ఉండాలి. అడుగు మెత్తటి రబ్బరుతో, గాడులతో ఉండాలి. గోరుతో నొక్కితే కాస్త లోపలికి దిగే రబ్బరు తడి బండని పట్టుకుంటుంది, ప్లాస్టిక్‌లా గట్టిగా ఉన్నది జారుతుంది. నీళ్లు బయటికి పోవడానికి పక్కల జాలీ ఉండాలి. పాదాన్ని బిగించడానికి లేసో, పట్టీయో ఉండాలి. సాగే గుడ్డతో చేసిన తొడుగు బూట్లు పొడిగా ఉన్నప్పుడు సరిపోయినట్టే ఉంటాయి. తడిశాక సాగి మడమ దగ్గర వదులవుతాయి, ధారలో కాలెత్తగానే ఊడి కొట్టుకుపోతాయి. అందుకే అలాంటివి కొంటే కొంచెం బిగుతుగా ఉండే కొలతే తీసుకోండి. పలచటి అడుగున్నవి వద్దు, రాళ్ల అంచులు అరిపాదంలో గుచ్చుకుంటాయి. హవాయి చెప్పులు, క్రాక్స్ పూర్తిగా పక్కన పెట్టండి. పాత రన్నింగ్ షూస్ బరువెక్కినా కాలికి పట్టి ఉంటాయి, వేరే గతి లేకపోతే అవే నయం.

కొన్నాక ఇంట్లో పరీక్షించండి. బూట్లు తొడుక్కుని బకెట్‌లో పాదాలు ముంచి, ఆ తడితోనే పదిహేను నిమిషాలు నడవండి, ఆరుబయట గట్టు మీదికి ఎక్కి దిగండి. మడమ లేస్తోందా, చిటికెన వేలు ఒరుసుకుంటోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఒరుసుకుంటే లోపల పలచటి సాక్సు వేసుకుంటే సరిపోతుంది.

మెట్టెలు పెట్టుకునే వాళ్లు ఈ పరీక్ష మెట్టెలతోనే చేయండి. తడిసిన బూటు ముందు భాగం వేళ్లని దగ్గరికి నొక్కుతుంది. మెట్టె పక్క వేలిలోకి దిగుతుంది, గంటసేపు ఎక్కాక అక్కడ చర్మం లేచిపోతుంది. ఆ పూటకి తీయగలిగితే తీసేయండి. తీయడం ఇష్టం లేకపోతే మెట్టె మీద నుంచి వేలి చుట్టూ నీళ్లకి ఊడని ప్లాస్టర్ రెండు చుట్లు వేయండి. కాలి గోళ్లు ప్రయాణానికి రెండు రోజుల ముందే కత్తిరించుకోండి, అదే రోజు కత్తిరిస్తే ఆ అంచులు తడికి మండుతాయి.

ఏం వేసుకోవాలి, ఏం తీసేయాలి

ఒంటికి పట్టి ఉండే, త్వరగా ఆరే బట్టలు. ఆడవాళ్లకి ఈతకి వేసుకునే పొడుగు లెగ్గింగ్స్, పైన పొడుగు చేతుల ఈత చొక్కా సరిగ్గా సరిపోతాయి. ఎండ నుంచీ కాపు, మోకాలు బండకి రాసుకున్నా చర్మం లేవదు. మగవాళ్లకి జేబుకి జిప్పున్న షార్ట్స్, అదే రకం చొక్కా. కాటన్ కుర్తా, జీన్స్ వద్దు. తడిసి రెండింతల బరువై కాళ్లకి చుట్టుకుంటాయి. చున్నీ ఓడలోనే ఉంచేయండి.

సైనికుల యూనిఫాంలా మచ్చలున్న బట్టలు జమైకాలో మామూలు జనం వేసుకోవడం చట్టవిరుద్ధం. పిల్లల టోపీల మీదా, షార్ట్స్ మీదా ఆ డిజైను చాలా మామూలు. అలాంటివుంటే సూట్‌కేసులోనే ఉండనివ్వండి.

ఉంగరాలు, గాజులు, చేతి గొలుసులు తీసేయాలి. పోతాయన్న భయం ఒక్కటే కాదు. చేతులు పట్టుకుని గొలుసులా ఎక్కుతున్నప్పుడు పక్క మనిషి కాలు జారితే మీ చేతిని ఒక్కసారిగా బిగించి పట్టుకుంటాడు. ఉంగరం మధ్యలో పడితే ఇద్దరి వేళ్లూ నలుగుతాయి. మంగళసూత్రం, నల్లపూసలు తీయని వాళ్లు వాటిని బిగుతుగా ఉండే చొక్కా లోపలికి వేసుకుని, మెడ వెనక ఒక పిన్నుతో లోదుస్తుకి పెట్టుకుంటే ఊగవు. కళ్లజోడుకి తలవెనక కట్టే తాడు తప్పనిసరి. కాంటాక్ట్ లెన్సులు వద్దు, ముఖం మీద నీళ్లు పడుతూనే ఉంటాయి.

సన్‌స్క్రీన్ ఓడలోనే, బయల్దేరడానికి అరగంట ముందు రాసుకోండి. రాశాక అరచేతులు సబ్బుతో కడగండి. అరిపాదాలకి అసలు రాయొద్దు. జిడ్డు చేతులతో గొలుసు కడితే పట్టు నిలవదు. ఆ జిడ్డు వల్ల జారేది మీరు ఒక్కరే కాదు, మీ వెనక ఉన్నవాళ్లు కూడా.

ముందురోజు రాత్రి: సంచి, గడియారం

చిన్న సంచి ఒకటి సర్దండి. అందులో తువ్వాలు, పొడి బట్టలు, లోదుస్తులు, పొడి చెప్పులు, తడి బట్టలకి ప్లాస్టిక్ కవరు, నీళ్ల సీసా. మందుల పొట్లంలో ప్లాస్టర్లు, గాయాలకి రాసే మందు, రోజూ వేసుకునే మాత్రలు. ఓడ తువ్వాలు పోగొడితే డబ్బు కట్టించుకుంటారు, లెక్క చూసుకోండి. డబ్బు ఒకటి, ఐదు డాలర్ల నోట్లుగా ఉంచుకోండి. లాకర్ అద్దె, బూట్ల అద్దె, టిప్పు, అన్నిటికీ చిన్న నోట్లే కావాలి, ఇరవై ఇస్తే చిల్లర రావడం కష్టం. పెద్దవాళ్లు ఓడ కార్డుతోపాటు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఒకటి పెట్టుకోవాలి. పాస్‌పోర్టు తెమ్మని ఓడ వాళ్లు చెప్పకపోతే గదిలోని లాకర్‌లో పెట్టి, నకలు వెంట ఉంచుకోండి.

పళ్లు, వండిన తిండి ఓడ నుంచి రేవులోకి తేనివ్వరు. సీలున్న బిస్కెట్ ప్యాకెట్లయితే ఇబ్బంది ఉండదు.

ఇక సమయం. దీని దగ్గర మోసపోయేవాళ్లు చాలామంది. జమైకాలో ఏడాది పొడవునా ఒకటే సమయం, వేసవికి గంట ముందుకి జరపరు. ఫ్లోరిడాలో జరుపుతారు. అందుకని మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా జమైకా గడియారం మయామీ కంటే గంట వెనక ఉంటుంది. చలికాలంలో రెండూ ఒకటే. గాల్వెస్టన్‌తో పోలిస్తే లెక్క తిరగబడుతుంది: వేసవిలో రెండూ ఒకటే, చలికాలంలో జమైకా గంట ముందుంటుంది. కొన్ని ఓడలు స్థానిక సమయానికి మారతాయి, కొన్ని బయల్దేరిన రేవు సమయమే పాటిస్తాయి. మీ ఫోను మాత్రం ఒడ్డు టవరు అందగానే తనంతట తాను జమైకా సమయానికి మారిపోతుంది. మయామీ సమయం పాటించే ఓడలో వేసవిలో వెళ్లి, ఫోను చూసుకుని మూడున్నరకి వద్దామనుకుంటే అప్పటికి ఓడలో నాలుగున్నర అవుతుంది. నీళ్లకి పాడవని చవక గడియారం ఒకటి కొని, ఓడ సమయం పెట్టి చేతికి కట్టుకోండి. ఎక్కేటప్పుడు దాన్ని మణికట్టు పైకి జరిపితే పట్టుకి అడ్డం రాదు.

సొంతంగా వెళ్లేవాళ్లు ఓడ కదిలే సమయం కాదు, అందరూ లోపలుండాల్సిన సమయం చూడాలి. రెండిటికీ సాధారణంగా అరగంట తేడా ఉంటుంది. దానికి గంటన్నర ముందే రేవులో ఉండేట్టు లెక్క వేసుకోండి.

ఆ రోజు పొద్దున

దిగడానికి రెండు గంటల ముందే తినండి, బఫేలో ఉన్నవన్నీ కాకుండా ఇడ్లీ పాటి తేలిక ఆహారం: ఓట్స్, అరటిపండు, రెండు టోస్టులు. వంగి, సాగి, మోకాలు పొట్టకి తగిలేలా ఎక్కే పని ఇది. నిండు పొట్టతో మొదలుపెడితే సగంలోనే వికారం వస్తుంది. షుగరు ఉన్నవాళ్లు రెండు గ్లూకోజ్ బిళ్లలు జిప్ కవరులో పెట్టి జేబులో వేసుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ కూడా అలాగే. ఆ సంగతి గైడుకి ముందే చెప్పండి.

ఈత బట్టలు లోపల వేసుకునే ఓడ దిగండి. అక్కడ బట్టలు మార్చుకునే గదులున్నాయి గాని, రెండు మూడు ఓడలు ఒకేసారి వచ్చిన రోజు వరస పెద్దగా ఉంటుంది. రద్దీ ఎక్కువుండేది పది నుంచి ఒంటిగంట మధ్య. పొద్దుటి మొదటి టూరు దొరికితే అదే పట్టండి.

బస్సు దిగేటప్పుడు డ్రైవరుని అడగండి, తిరిగి వచ్చేది ఇదే బస్సా అని. కాకపోతే సంచి బస్సులో వదలొద్దు. జలపాతం ఎక్కేవాళ్లు బస్సు దిగేది పైభాగంలో, లాకర్లు అక్కడే ఉంటాయి. లాకర్‌లో పెట్టాల్సినవన్నీ పెట్టేశాకే మెట్ల మీంచి కింద ఒడ్డుకి దిగుతారు. ఏదైనా మర్చిపోతే మళ్లీ అన్ని మెట్లూ ఎక్కాలి, గుంపు ఆగదు.

ఫోను సంగతి. లాకర్‌లో పెట్టేయడం అన్నిటికన్నా మంచిది. వెంట ఉండి తీరాలంటే నీళ్లు చొరని పౌచ్‌లో పెట్టి మెడలో వేసుకుని, పైన చొక్కాలోకి దోపండి. బయట వేలాడితే వంగినప్పుడల్లా బండకి కొట్టుకుంటుంది. సెల్ఫీ స్టిక్కు తేవద్దు. ఫొటోల కోసం దిగులు పడనక్కర్లేదు. గైడ్లు మీ కెమెరాలు తమ మెడలో వేసుకుని ఆగిన చోటల్లా తీసిపెడతారు. వీడియో తీసేవాళ్లు కూడా వెంట వస్తారు, చివర్లో అమ్మజూపుతారు. కొనాలన్న నియమం లేదు.

బండని చదవడం

ఎక్కే ముందు రెండు నిమిషాలు కింద నిలబడి బండల్ని చూడండి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి గరుకు పొర పేరుకోవడం అందరం చూశాం. ఇక్కడ జరిగేది అదే. సున్నపురాయి నేలలోంచి ఊటగా వచ్చే నీళ్లు సున్నాన్ని కరిగించుకుని తెస్తాయి. బండ మీద పడి చిందినప్పుడు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడి బండకి అంటుకుంటుంది. బొర్రా గుహల్లో చుక్క చుక్కగా జరిగే పనిని ఇక్కడ ధార చేస్తోంది. అందుకే ఈ జలపాతం చాలా జలపాతాల్లా అరిగిపోకుండా, మెట్లు కట్టుకుంటూ పెరుగుతూ ఉంటుంది.

ఎక్కేవాళ్లకి దీనితో పనేమిటంటే, ధార బలంగా పారే చోట లేత గోధుమ రంగు బండ ఉప్పు కాగితంలా గరుకుగా ఉంటుంది. బూటు అక్కడ పట్టుకుంటుంది. నీళ్లు పలచగా, నెమ్మదిగా జారే అంచుల్లో, మడుగు పక్కన నిలవ నీళ్లున్న చోట పాచి పడుతుంది. పచ్చగా, నున్నగా, నల్లగా మెరిసే చోటల్లా కాలు జారుతుంది. మనిషికి సహజంగా భయం వేసేది తెల్లటి ధారని చూసి. కాళ్లు వాటంతటవే పక్కకి, నీళ్లు తక్కువున్న చోటికి పోతాయి, జారేది అక్కడే. గైడు ధారలోకి నడిపిస్తున్నాడంటే కారణం ఉంది. అతను అడుగు ఎక్కడ వేశాడో చూసి అక్కడే వేయండి.

ఎక్కడం

మొదటి మడుగులో కాలు పెట్టగానే ఒళ్లు ఝల్లుమంటుంది. సముద్రం వెచ్చగా, ఊట నీళ్లు చల్లగా ఉంటాయి. ఒక నిమిషం నిలబడి, మోచేతులు, మెడ తడుపుకోండి. ఊపిరి సర్దుకున్నాక కదలండి.

నురగ కింద బండ కనిపించదు. కాబట్టి ముందు పాదంతో తడమండి, అరిపాదం మొత్తం ఆనించండి, అప్పుడు బరువు వేయండి. వేళ్ల కొన మీద బరువు వేస్తే జారుతారు. మోకాలి ఎత్తు మెట్టు వచ్చినప్పుడు బండ వైపు తిరిగి, ముందుకి వంగి, తొడ బలంతో లేవండి. మోకాలు బండకి ఆనించి పాకొద్దు, గరుకు బండ చర్మాన్ని గీరేస్తుంది. ఒకసారికి ఒక్కటే కదలాలి: ఒక పాదం కదిలేటప్పుడు రెండో పాదం స్థిరంగా ఉండాలి.

చేతుల గొలుసులో ఉన్నప్పుడు మీ చేయి పక్క మనిషికి రెయిలింగ్. అది మీరు లాగే తాడు కాదు. మీరు పైమెట్టు మీద స్థిరపడి, చేయి గట్టిగా ఉంచి ఆగితే కింది మనిషి దాన్ని ఆసరా చేసుకుని తనే ఎక్కుతాడు. మీరు లాగితే అతని పాదం ఆనకముందే బరువు మీ మీద పడుతుంది, ఇద్దరూ పడతారు. బండని పట్టుకోవాల్సి వచ్చినప్పుడు చేయి వదలడం తప్పు కాదు. చెప్పి వదలండి. చెప్పకుండా వదిలితేనే వెనకవాళ్లు తూలుతారు.

పిల్లలని ఇద్దరు పెద్దల మధ్య ఉంచండి, వేళ్లు కాకుండా మణికట్టు పట్టుకోండి. ఐదేళ్ల లోపు పిల్లలని ఒంటి చేత్తో పైకి గుంజడం అసలు చేయకూడదు. ఆ వయసులో మోచేతి దగ్గర ఎముక పట్టు తప్పి పక్కకి జరగడం చాలా తేలిక. చంకల కింద రెండు చేతులు వేసి ఎత్తండి, లేదా గైడుకి అందించండి, వాళ్లకి అది రోజూ చేసే పని.

కాలు జారిందనిపించగానే నిలదొక్కుకోవాలని పెనుగులాడకండి, ఉన్న చోటే కూర్చోండి. పిరుదుల మీద పడితే నొప్పితో పోతుంది. వెనక్కి చేయి చాచి దాని మీద పడితే మణికట్టు విరుగుతుంది. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే తిప్పొద్దు. గట్టిగా ఆగమని అరవండి, గొలుసు ఆగాక పాదం వెళ్లిన దారినే వెనక్కి తీయండి.

మధ్యలో మడుగులు వస్తాయి, అక్కడ ఆగుతారు, ఫొటోలు తీస్తారు. మడుగు అడుగున గుంటలుంటాయి, దూకొద్దు. గైడు జారమన్న చోట తప్ప జారొద్దు. అలసిపోయినా, భయమేసినా బయటికి, పక్క మెట్ల మీదికి పోయే చోట్లు దారిలో ఉన్నాయి. గైడుకి చెప్పి బయటికి రండి. కాళ్లు వణకడం మొదలైతే తర్వాతి చోటు దాకా పంతం పట్టకుండా ముందు దొరికిన చోటే వచ్చేయాలి, వణికే కాలికి పట్టు ఉండదు. మొత్తం ఎక్కడానికి గంట నుంచి గంటన్నర, గుంపు ఎంత పెద్దదైతే అంత ఆలస్యం.

ముందురోజు కొండల్లో గట్టి వాన పడితే నీళ్లు మట్టి రంగుకి తిరుగుతాయి, ధార పెరుగుతుంది. ఎక్కడం ఆపేస్తారు. తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. ఆ నెలల్లో సొంతంగా బుక్ చేసేవాళ్లు రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో ముందే అడగాలి. నీళ్లు ఎర్రగా ఉన్నా ఎక్కిస్తామనే వాళ్ల మాట వినొద్దు.

పైకొచ్చాక

ముందు నీళ్లు తాగండి. నీళ్లలో ఉన్నంతసేపు చెమట తెలియదు గాని పడుతూనే ఉంటుంది. గీరుకున్న చోట సీసా నీళ్లతో కడిగి మందు రాయండి. గైడుకి టిప్పు ఇచ్చేది ఇక్కడే. మనిషికి ఐదు డాలర్లు మర్యాదైన మొత్తం. మీ పిల్లని చంకనెత్తుకుని ఎక్కించిన గైడుకి అంతకంటే ఎక్కువ ఇవ్వాలి. గంటసేపు ఆ బండల మీద వెనక్కి తిరిగి నడుస్తూ మీ అందరినీ కనిపెట్టుకున్న మనిషి అతను.

బయటికి పోయే దారి కళావస్తువుల బజారు గుండా పోతుంది. చెక్క బొమ్మలు బాగుంటాయి, నచ్చితే బేరమాడి కొనండి. పేరేమిటని అడిగితే మాత్రం చెప్పకండి. మాటల్లోనే చెక్క మీద ఆ పేరు చెక్కేసి, ఇక మీదేనంటారు. అక్కర్లేకపోతే నవ్వుతూ ‘నో, థాంక్యూ’ అని కదలండి, రెండోసారి ఆగితే బేరం మొదలైనట్టే. గంజాయి అమ్మజూపేవాళ్లు ఎదురవుతారు. ఓడలోకి తేవడం నిషేధం, అమెరికాలో వీసా మీద ఉన్నవాళ్లకి అది బతుకుతెరువు మీదికి వచ్చే తప్పు.

ఆకలేసి పాటీ కొంటే లోపల ఏముందో అడిగి తినండి. సమోసాలా కనిపించే ఆ పసుపురంగు పాటీల్లో ఎక్కువ భాగం గొడ్డు మాంసంతో చేసేవే. కూరగాయలవీ దొరుకుతాయి, విడిగా అడగాలి.

పొడి బట్టలు మార్చుకున్నాక ఓడ కార్డు, గుర్తింపు కార్డు, గడియారం చూసుకోండి. లాకర్‌లోకి చివరిసారి చేయి పెట్టి మూలలు తడమండి, తీసి దాచిన ఉంగరాలు మిగిలిపోయేది అక్కడే. బూట్లు ఓడలో స్నానాల గదిలో మంచినీళ్లతో కడిగి, లోపలి అట్ట బయటికి తీసి ఆరబెట్టండి. తడిగా సూట్‌కేసులో పెడితే ఇల్లు చేరేసరికి బట్టలన్నిటికీ ఆ వాసన పడుతుంది.